చలవరాతి బల్లకు పట్టిన సినిమా యోగం

మా ఇంటి హాల్లో ఒక గుండ్రటి బల్ల ఉంది. దాన్ని మేం రంగం బల్ల అంటాం. నిజానికి అది చైనా బల్ల. మా మామగారి తండ్రి రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో, బియ్యం వ్యాపారం చేసే రోజుల్లో అక్కడి చైనా వర్తకుడి దగ్గర కొని, ఓడలో కాకినాడకు పంపించారు. కాకినాడ రేవులో దిగిన వస్తువు ఎక్కడ తయారైనా మా వైపు వాళ్ళకు రంగం సరుకే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఈ పొరపాటు దిద్దబోయాను. అత్తగారు విని, "అయితే కాఫీ చైనా బల్ల మీద పెట్టు, తాగేది మాత్రం రంగం బల్ల మీదే" అన్నారు. ఆ తర్వాత నేనూ రంగం బల్ల అనే అంటున్నాను.

చెక్క నల్లటి చేవ. మేకు దిగదు, చెద పట్టదు, ఒక్కరి వల్ల కదలదు. పైన చట్రంలో గుండ్రటి చలవరాయి బిగించి ఉంటుంది. ఆ రాతి మీద ఎవరూ బొమ్మ వేయలేదు. కొండలోంచి కోసినప్పుడే తెల్లటి నేల మీద బూడిద రంగు, నీలం, ఒక మూల కొంచెం ఆకుపచ్చ చారలు వచ్చాయి. దూరం నుంచి చూస్తే కొండలూ, వాటి నడుమ మంచూ కనిపిస్తాయి. చైనావాళ్ళు అలాంటి రాళ్ళను ఏరి మరీ బల్లలకు బిగించేవారట. మా అత్తగారికి అందులో పాపికొండలు కనిపించేవి. మా వారు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని, "ఇవాళ మంచు కాస్త విడిచిందోయ్" అనేవారు. రాయి నిన్నటి రాయే. వెలుతురు మారేది, అంతే. ఆయన పోయాక ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. వస్తువుల మీద నాకు మమకారం తక్కువ. దీని మీద ఉంది.

రాతి కింద చుట్టూ చెక్కిన అంచులో రెక్కలు చాచిన జీవాలు వరసగా ఉంటాయి. అత్తగారు వాటిని సీతాకోకచిలుకలు అనేవారు. అవి సీతాకోకచిలుకలు కావని నాకు పెళ్ళయిన నెలకే తెలిసింది. మా వారు గొంతు తగ్గించి చెప్పారు: "గబ్బిలాలు. చైనావాళ్ళకు గబ్బిలం అంటే అదృష్టమట, మా తాతకు ఆ వర్తకుడు చెప్పాడు. అమ్మతో అనకు, రేపే నూతిలో వేయిస్తుంది." నేను అనలేదు. అత్తగారు ప్రతి పండక్కీ ఆ సీతాకోకచిలుకలను మెత్తటి గుడ్డతో తుడిచి, ఎంత ముద్దొస్తున్నాయో అని మురిసిపోయేవారు.

చలవరాయికి పులుపు పడదు. ఒకసారి మా వారు నిమ్మరసం గ్లాసు పెట్టి మరిచిపోతే, దాని అడుగు మేర మెరుపు పోయి మచ్చ పడింది. ఆ రోజు నుంచి ఆ బల్ల దరిదాపులకు నిమ్మకాయ, చింతపండు, పెరుగు రావడానికి వీల్లేదు. మా ఇంట్లో ఇది దేవుడి గది నియమాలకంటే గట్టి నియమం.

ఇక సినిమా సంగతి. సినిమావాళ్ళు నాకు కొత్త కాదు. నా ఉద్యోగమంతా వాళ్ళ కంపెనీల లెక్కలు చూడడంలోనే గడిచింది. "రేపు" అన్న మాటకు వాళ్ళ వాడుకలో అర్థమేమిటో నాకు తెలుసు. తెలిసీ ఇది జరిగింది.

ఇక్కడ జూబ్లీహిల్స్‌లో మా పక్క వీధిలో ఒక నిర్మాత ఉన్నారు. మా వారితో కలిసి పొద్దున్నే పార్కులో నడిచేవారు. మాది తూర్పు గోదావరి, ఆయనది కృష్ణా. నన్ను అక్కయ్యగారూ అంటారు. ఫిల్మ్ నగర్‌లోని ఆయన ఆఫీసు గుమ్మాన్ని వాస్తు చూసే సిద్ధాంతిగారి సలహా మీద ఒక గోడ నుంచి ఇంకో గోడకు మారుస్తున్న రోజుల్లో, కథలు వినడానికి చోటు లేక మా హాలు అడిగారు. సరే అన్నాను.

వచ్చిన దర్శకుడు మూడు గంటలు కథ చెప్పాడు. మధ్యలో "ఇంటర్వెల్ బ్యాంగ్ అండీ!" అని బల్ల మీద అరచేత్తో ఒక్కటి వేశాడు. నేను వంటింట్లోంచి వచ్చి, బ్యాంగ్ సోఫా మీద వేసుకోమని చెప్పాను. ఆ కథలో హీరో తల్లి రెండుసార్లు చనిపోతుంది. వెళ్ళేటప్పుడు ఆ మాట కూడా చెప్పాను. ఒక చావు తీసేశారు.

ఆ సినిమా బాగా ఆడింది. తన నటన వల్ల అని హీరో అన్నాడు. తన స్క్రీన్‌ప్లే వల్ల అని దర్శకుడు అన్నాడు. నిర్మాతగారు మాత్రం ఒక యూట్యూబ్ ఛానెల్లో, "కథ విన్నప్పుడు కాదండీ, ఆ టేబుల్ మీద చెయ్యి పడగానే నాకు తెలిసిపోయింది" అన్నారు. ముగ్గురిలో సత్యానికి దగ్గరగా ఉన్నది ఆయనేనని నాకనిపించింది. బల్ల ఆ సినిమాకు కనీసం అడ్డు రాలేదు.

అప్పటినుంచి మా హాల్లో కథల సిట్టింగులు మొదలయ్యాయి. వచ్చిన ప్రతి రచయితా చెప్పులు బయట విడిచి, బల్లను ముట్టుకుని కళ్ళకద్దుకుని, ఆ తర్వాత నాకు నమస్కారం పెట్టేవాడు. ఒకరోజు రాతి మీద కుంకుమ బొట్టు కనిపించింది. తుడిచేశాను. మర్నాడు మళ్ళీ ఉంది.

"ఏంటండీ ఇది?" అని నిర్మాతగారిని అడిగాను.

"చూడండి అక్కయ్యగారూ, జాగ్రత్తగా చూడండి. ఏడుకొండలు! సాక్షాత్తూ ఏడుకొండలు! లెక్కపెట్టండి."

లెక్కపెట్టాను. ఐదున్నాయి. ఆ ఆకుపచ్చ మరకను కూడా కొండగా ఒప్పుకుంటే ఆరు.

"ఏడోది కనపడాలంటే కాస్త భక్తి ఉండాలండీ" అన్నారాయన నొచ్చుకుంటూ.

అంతవరకైతే భరించేదాన్నే. ఆయన పెద్ద హీరోతో కొత్త సినిమా మొదలుపెడుతూ, ముహూర్తం షాట్ ఆ బల్ల మీదే తీయాలన్నారు. నేను కుదరదన్నాను. ఆయన నన్ను వదిలేసి మా ఆడపడుచు దగ్గరికి వెళ్ళారు. ఆవిడ మా వారి చెల్లెలు. శ్రీనగర్ కాలనీలో ఫ్లాటు అమ్మేశాక మా పై వాటాలోనే ఉంటోంది. ఆమెకు సినిమా అంటే ప్రాణం. ముహూర్తం రోజు కెమెరా స్విచ్ ఆన్ చేసే గౌరవం ఆవిడకు ఇస్తానన్నారట.

"ఒక్క పూటే కదా వదినా! పొద్దున తీసుకెళ్ళి మధ్యాహ్నం భోజనం వేళకు తెచ్చి దింపేస్తారు. ఆ బల్ల మా పుట్టింటిది కూడాను" అంది.

"మీ పుట్టింటిదే. అందుకే మీ పుట్టింట్లో ఉంది."

"నా చేత్తో స్విచ్ ఆన్ అంటే పేపర్లో ఫొటో వస్తుంది వదినా. అన్నయ్య ఉంటే కాదనేవాడా?"

ఆయన కాదనేవారు కాదు. ఆయన ఎవరికీ ఏదీ కాదనలేదు. అందుకే నేను అనవలసి వచ్చేది.

చివరికి ఒప్పుకుని షరతులు చెప్పాను. రాతి మీద కొబ్బరికాయ కొట్టకూడదు. నిమ్మకాయ పెట్టకూడదు. పసుపు, కుంకుమ పట్టు గుడ్డ మీదే, రాతి మీద కాదు. ఎత్తేటప్పుడు చెక్క కాళ్ళ దగ్గర పట్టుకోవాలి. మధ్యాహ్నానికి ఇంటికి రావాలి. నిర్మాతగారు ప్రతిదానికీ తల ఊపి, "మీ మాటంటే మాటేనండీ" అన్నారు.

ముహూర్తం రోజున ఆ మాట నిలబెట్టుకున్నారు. పట్టు గుడ్డ పరిచారు, స్క్రిప్టు దాని మీద పెట్టారు, కొబ్బరికాయ నేల మీద కొట్టారు. మా ఆడపడుచు స్విచ్ నొక్కింది. పేపర్లో ఫొటో వచ్చింది. అందులో ఆవిడ మోచెయ్యి స్పష్టంగా ఉంది.

మధ్యాహ్నం బల్ల రాలేదు. సాయంత్రం ఫోన్ చేస్తే నిర్మాతగారు ఎంతో మర్యాదగా చెప్పారు: "తొలి షాట్ పడ్డ వస్తువు కదండీ. గుమ్మడికాయ కొట్టేదాకా కదలకూడదు. ఆఫీసులో నా రూములోనే పెట్టించాను. పువ్వులా చూసుకుంటాను."

తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. సినిమా షూటింగ్ పూర్తయిన రోజున బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, దిష్టి తీసి పగలగొడతారు. అది పగిలితే పని ముగిసినట్టు. పగిలేదాకా పని సాగుతున్నట్టు.

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీకు తెలుసనుకున్నామండీ. మీరు మా ఇండస్ట్రీ మనిషే కదా!"

ఫోన్ పెట్టేశాను.

తర్వాత షూటింగ్ ఎలా సాగిందో చెప్పాలి. హీరోకు ఇంకో సినిమా కోసం గడ్డం ఉంది, ఈ సినిమాలో గడ్డం లేదు. అది తీసే రోజు కోసం యూనిట్ మొత్తం ఎదురుచూసింది. గడ్డం తీశాక వానలు పట్టుకున్నాయి. వానలు తగ్గాక వేసిన సెట్టు రంగు హీరోకు నచ్చలేదు. నేను ఫోన్ చేసినప్పుడల్లా నిర్మాతగారు "నెక్స్ట్ షెడ్యూల్‌లో అయిపోతుందండీ" అనేవారు. మా హాల్లో బల్ల ఉన్న చోట నేల మీద మాత్రం రంగు తేడాగా ఒక గుండ్రం మిగిలింది. నేను కాఫీ వంటింట్లో నిలబడి తాగేదాన్ని.

ఇలా కాదని ఒక శుక్రవారం ఆఫీసుకు వెళ్ళాను. రాతి మీద నాలుగు దిక్కులా నాలుగు నిమ్మచెక్కలు, కోసిన వైపు కిందకి బోర్లించి ఉన్నాయి. చుట్టూ కుంకుమ. తీసి చూస్తే నాలుగు చోట్లా మెరుపు పోయి, పాలమీగడ రంగు తేలింది.

"పూజ అక్కయ్యగారూ! దేవుడికి పెట్టేది దేనికి హాని చేస్తుంది చెప్పండి?" అన్నారు నిర్మాతగారు.

దేవుడికి చేయదు. సున్నపు రాయికి చేస్తుంది. ఈ తేడా నేను చాలాసేపు వివరించాను. ఆయన విన్నారు. కథలు విని విని ఆయనకు వినడం అలవాటు.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం పూజకు ముందే వెళ్ళేదాన్ని. నిమ్మచెక్కల కింద స్టీలు ప్లేట్లు పెట్టేదాన్ని. మరుసటి వారానికి ప్లేట్లు క్యాంటీన్‌కు పోయేవి, నిమ్మచెక్కలు రాతి మీదే ఉండేవి. ఆఫీసులో నన్ను టేబుల్ అమ్మగారు అనడం మొదలుపెట్టారు. ఒకాయన తన సినిమా విడుదలకు ముందు నా కాళ్ళకు కూడా దండం పెట్టాడు. ఆ సినిమా ఆడలేదు. మళ్ళీ పెట్టలేదు.

ఇంతలో హీరో డ్యాన్సు చేస్తూ కాలు బెణికించుకున్నాడు. ఫైనాన్షియరు ఫోన్ ఎత్తడం మానేశాడు. కథలో ఏదైనా లోపం ఉందా అని ఎవరూ చూడలేదు. సిద్ధాంతిగారిని పిలిపించారు. ఆయన ఆఫీసంతా తిరిగి, గుమ్మం బాగానే ఉందని తేల్చారు. అది ఆయన పెట్టించిన గుమ్మమే. తర్వాత నిర్మాతగారి గదిలో బల్ల ముందు వంగి, అంచు కింద టార్చి వేసి చూశారు.

ఆ సాయంత్రం మా ఆడపడుచు ఆఫీసు నుంచి వచ్చి సోఫాలో కూలబడింది. సిద్ధాంతిగారి రాక చూడడానికే వెళ్ళింది ఆవిడ.

"వదినా! ఇన్నేళ్ళూ మనింట్లో గబ్బిలాలున్నాయట!"

"ఉన్నాయి."

"నీకు తెలుసా?"

"పెళ్ళయిన నెల నుంచి. మీ అన్నయ్యే చెప్పారు."

"అన్నయ్యకూ తెలుసా! మరి అమ్మ సీతాకోకచిలుకలని తుడిచేదే!"

"తుడవడం బాగానే తుడిచేవారు."

"అంటే పుట్టినప్పటి నుంచీ నేను గబ్బిలాల మీద అన్నం తిన్నానా?"

"వాటి మీద కాదు. వాటి పైనున్న రాతి మీద."

ఆవిడ కాళ్ళు సోఫా పైకి ముడుచుకుంది. తర్వాత అసలు విషయం చెప్పింది. బల్ల ఆ గదిలో ఉంటే గబ్బిలాల దోషం. తిరిగి పంపిద్దామంటే గుమ్మడికాయ కొట్టలేదు, కదలకూడదు. అందుకని మధ్యేమార్గంగా, మోతీనగర్ నుంచి ఒక వడ్రంగిని పిలిపించి, గబ్బిలాల రెక్కలు చెక్కేయించి నెమళ్ళుగా మార్పిస్తున్నారు. రేపు పొద్దున పదింటికి మంచి ఘడియ.

"నీకు బాధ కలగకూడదని, ఖర్చంతా వాళ్ళే పెట్టుకుంటారట వదినా" అంది.

మర్నాడు పొద్దున్నే గుమ్మడికాయ కొనడానికి బయల్దేరాను. జూబ్లీహిల్స్ సూపర్ మార్కెట్లలో గుమ్మడికాయ ముక్కలే దొరుకుతాయి, ప్లాస్టిక్ కాగితం చుట్టి. ముక్కలతో నాకు పనిలేదు. ఆటో కట్టించుకుని మధురానగర్ వెళ్ళి, కూరగాయల దుకాణంలో మంచి బూడిద గుమ్మడికాయ ఒకటి, పక్క కొట్లో కర్పూరం బిళ్ళలు కొన్నాను. అక్కడి నుంచి నేరుగా ఫిల్మ్ నగర్.

నేను వెళ్ళేసరికి పని మొదలైంది. వడ్రంగి నేల మీద కూర్చుని ఉలిని వెలుతురుకు పట్టి చూసుకుంటున్నాడు.

"సార్, గిది కట్టె కాదు, ఇనుము లెక్కుంది. ఉలి మొన పోయింది చూడుండ్రి. ఒక్క రెక్క కొస గింతే ఊడింది. నెమలి అంటే దసరా దాకా కూసోవాలె నేను."

ఒక గబ్బిలానికి రెక్క చివర నిజంగానే పోయింది. నేను బయటికి వచ్చి, గుమ్మం ముందు గుమ్మడికాయ పెట్టి, దాని మీద కర్పూరం పేర్చి, అగ్గిపెట్టె తీశాను. కిటికీలోంచి ఎవరో చూసి కేక పెట్టారు. నిర్మాతగారు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చారు.

"అక్కయ్యగారూ! ఏం చేస్తున్నారండీ! అది లోపల పెట్టండి! కాదు కాదు, లోపలికి తేకండి!"

"గుమ్మడికాయ కొడితేగానీ బల్ల కదలదన్నారు. కొట్టి తీసుకెళ్తాను."

"ఇంకా సగం సినిమా కూడా కాలేదండీ! ఇప్పుడు కొడితే..." ఆ తర్వాత మాట ఆయన నోట రాలేదు. అది పలకడానికి కూడా వీల్లేని మాట. "హీరోగారి మేనేజర్ లోపలే ఉన్నాడండీ. చూశాడంటే డేట్సు వెనక్కి తీసుకుంటారు. దండం పెడతాను, ఆ అగ్గిపెట్టె ఇలా ఇవ్వండి."

"ముందు ఉలి ఆపమనండి."

ఉలి ఆగింది. గుమ్మంలో అందరూ గుమిగూడారు. ఎవరూ గుమ్మడికాయ దగ్గరికి రారు. అప్పుడు సిద్ధాంతిగారు ముందుకొచ్చారు. పరిస్థితిని ఒక్క చూపులో అర్థం చేసుకున్న మనిషి.

"అమ్మా, తమరి గృహంలో ఈ బల్ల ఏ దిక్కున ఉండేది?"

"హాల్లో ఈశాన్యం మూల."

"అదీ సంగతి!" అని నిర్మాతగారి వైపు తిరిగారు. "ఇక్కడ నైరుతిలో పెట్టారు. ఈశాన్యంలో గబ్బిలం నిద్రపోతుంది, దోషం లేదు. నైరుతిలో మేలుకుంటుంది. దీన్ని పంపడం కదిలించడం కిందికి రాదు. స్వస్థానం చేర్చడం అంటారు. దానికి గుమ్మడికాయ నియమం వర్తించదు."

నాకు ఆయన మీద నిజంగా గౌరవం కలిగింది. ఆ ఆఫీసులో అంత పకడ్బందీ క్లైమాక్స్ చాలా కాలంగా ఎవరూ చెప్పి ఉండరు.

గంటలో ట్రాలీ ఆటో వచ్చింది. నలుగురు కలిసి ఎక్కించారు. డ్రైవరు చెమట తుడుచుకుంటూ, "ఏందమ్మా గిది, బల్లనా, గుట్టనా? జర ముందుగాల చెప్తే పెద్ద బండి తెస్తుంటి గదా" అన్నాడు. నేను ముందు సీట్లో, ఒళ్ళో గుమ్మడికాయ పెట్టుకుని కూర్చున్నాను. బల్ల మా హాల్లో, నేల మీది గుండ్రంలో సరిగ్గా దిగేదాకా దాన్ని వదల్లేదు. దిగాక దానితో వడియాలు పెట్టాను. మా ఆడపడుచు ఆ వడియాలు ముట్టుకోనంది. వేయించిన వాసనకు మనసు మార్చుకుంది.

రాతి మీద నాలుగు మచ్చలు అలాగే ఉన్నాయి. పాలిష్ పెట్టేవాడిని పిలిపించి చూపించాను. మిషను పెడితే అద్దంలా మెరుస్తుంది కానీ పై పొర పోతుందనీ, దానితో పాటు ఆ పల్చటి నీలం చారలు ఉంటాయో పోతాయో చెప్పలేననీ అన్నాడు. వద్దని పంపించేశాను. ఊడిన రెక్క ముక్కను వడ్రంగి కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు. దాన్ని జిగురుతో నేనే అతికించాను. కాస్త వంకరగా వచ్చింది.

నిర్మాతగారికి ఒక సలహా మాత్రం ఇచ్చాను. ఆయన దాన్ని పాటించారు. ఆర్ట్ డైరెక్టరు చేత ఫైబరుతో అచ్చం అలాంటి బల్లే చేయించారు. అంచు చుట్టూ నెమళ్ళు. పైన రాయిలా రంగు వేసి, కొండలూ మంచూ గీశారు. చూడమని కబురు చేస్తే వెళ్ళాను. ఈసారి నిజంగానే ఏడు కొండలున్నాయి. శుక్రవారం శుక్రవారం నాలుగు నిమ్మచెక్కలు దాని మీద బోర్లిస్తారు. ఫైబరును నిమ్మకాయ ఏమీ చేయలేదు. సినిమా ఇంకా పూర్తి కాలేదు. ఇప్పుడు హీరోకు మళ్ళీ గడ్డం వచ్చిందట.

మా ఆడపడుచు ప్రతి శుక్రవారం ఫిల్మ్ నగర్ వెళ్ళి ఆ ఫైబరు బల్లకు దండం పెట్టుకుని వస్తుంది. ఇంటికొచ్చాక తన కాఫీ సోఫాలో కూర్చుని తాగుతుంది. రంగం బల్ల దగ్గరికి రాదు. గబ్బిలాలంటే భయమట. ఈశాన్యంలో అవి నిద్రపోతుంటాయని సిద్ధాంతిగారు చెప్పిన మాట గుర్తుచేద్దామా అని ఒకటి రెండుసార్లు అనుకున్నాను. గుర్తుచేయలేదు. పొద్దున పూట బల్ల మొత్తం నాకే ఉంటోంది.